బకానే శిలీంధ్రానికి జిబ్బరెల్లిన్ జన్యువులు వరి నుంచి వచ్చాయా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని):
వరి నారును పాలిపోయేలా, అసహజంగా పొడవుగా పెంచే బకానే తెగులు శిలీంధ్రం ఫ్యుజేరియం ఫ్యుజికురోయి స్రావాలే ఆ పెరుగుదలకు కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా నిరూపించారని చదివాను. పెరుగుదలను పెంచే జిబ్బరెల్లిన్ అనే మొక్కల హార్మోనును తయారుచేసే జన్యువులను ఈ శిలీంధ్రం వరి నుంచే సంగ్రహించిందని భావించవచ్చా?

జవాబు (శిలీంధ్ర జన్యుశాస్త్రం):
ఆ ఊహ ఆకర్షణీయమే కానీ, జన్యువుల నిర్మాణం దాన్ని బలపరచడం లేదండీ. శిలీంధ్రంలో ఈ పనికి కావలసిన 7 జన్యువులు ఒకే క్రోమోజోముపై పక్కపక్కనే గుంపుగా ఉంటాయి. వరిలో అవి వేర్వేరు చోట్ల చెదిరి ఉంటాయి. జిబ్బరెల్లిన్‌కు ముందు దశలో ఏర్పడే ఎంట్-కౌరీన్ అనే పదార్థం తయారీకి వరి రెండు ఎంజైములను వాడితే, శిలీంధ్రంలో రెండు చర్యలనూ ఒకే ఎంజైము నిర్వహిస్తుంది. మరీ ముఖ్యంగా, అణువులోని 20వ కార్బన్‌ను తొలగించే దశను మొక్కల్లో డైఆక్సిజినేజ్ రకం ఎంజైము నడిపిస్తే, శిలీంధ్రంలో సైటోక్రోమ్ పి450 అనే వేరే రకం ఎంజైము నడిపిస్తుంది. అందువల్ల రెండు వంశాలూ ఒకే పదార్థాన్ని తయారుచేసే మార్గాలను విడివిడిగా రూపొందించుకున్నాయన్నదే ప్రబలమైన అభిప్రాయం.

విద్యార్థిని:
ధన్యవాదాలండీ. అయితే ఈ జన్యువులు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయా?

జవాబు (కిణ్వన సాంకేతికత):
ఉండవు. నత్రజని సమృద్ధిగా ఉన్నప్పుడు ఉత్పత్తి అణగిపోతుంది. అది తగ్గినప్పుడు ఏఆర్ఈఏ అనే నియంత్రక ప్రోటీన్ ఈ జన్యువులలో చాలావాటిని మేల్కొలుపుతుంది. ద్రాక్షతోటల్లో పిచికారీ చేసే జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని (ఒక రకం జిబ్బరెల్లిన్) పరిశ్రమలు ఈ శిలీంధ్రాన్ని పెంచే తయారుచేస్తాయి కాబట్టి, శిలీంధ్రాన్ని పెంచే పోషక మాధ్యమంలో నత్రజని మోతాదు మాకు కేవలం సిద్ధాంత చర్చ కాదు.