డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ, 14 ఏండ్లు: టీమ్‌ల ఆడాలంటే, వంట నేర్వాలంటే ఏడికెళ్లి మొదలువెట్టాలె?

మిర్యాలగూడ_అమ్మ:

అందరికి నమస్తే. మాది మిర్యాలగూడ. మా పెద్దబిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వస్తది, తెలివి ఎదుగుదల నిదానంగ ఉంటది), ఇప్పుడు 14 ఏండ్లు, మామూలు బడిల్నే ఎనిమిదో తరగతి. మాట కొంచెం ముద్దగ వస్తది గని ఇంట్ల అందరికి సమజైతది. చిన్నప్పుడే గుండెకు ఆపరేషన్ అయింది, మొన్న చూపిస్తే మంచిగనే ఉన్నది, ఆడుకోనియ్యుండ్రి అన్నడు డాక్టర్ సారు.

బడిల గేమ్స్ పీరియడ్ వస్తే ఆడపిల్లలందరు త్రోబాల్ ఆడుతరు, మా బిడ్డను మాత్రం చెట్టుకింద కూసోవెట్టి అందరి చెప్పులు, వాటర్ బాటిళ్లు చూస్కోమంటరు. దానికి బాల్ అంటే పాణం, ఇంటికి రాంగనే వాకిట్ల తమ్మునితోని పొద్దుగూకేదాంక ఆడుతది, బాల్ పట్టుడు గూడ మంచిగనే పడుతది. సారును అడిగితే దెబ్బ తాకితే రేపు మీరే మా మీదికొస్తరమ్మా అంటడు. ఆయన భయం నాకు అర్థమైతది గని నా బిడ్డ ఎన్నేండ్లు చెప్పులకు కావలి ఉండాలె?

ఇంగ వంట. మా అత్తమ్మ దాన్ని పొయ్యికాడికి రానియ్యది, చెయ్యి కాల్చుకుంటదని భయం. అదేమో నేను జొన్నరొట్టెలు చేస్తుంటె పక్కకే నిలవడి, నేనే చేస్త నేనే చేస్త అని పట్టువడుతది. రేపు మాకు శాతగానినాడు గూడ అది తన కడుపుకు తాను ఇంత వండుకొని తినాలెనని నా తండ్లాట. ఇట్లాంటి పిల్లలను పెంచినోళ్లు, నేర్పినోళ్లు ఎవరన్న ఉంటె ఏడికెళ్లి మొదలువెట్టాల్నో చెప్పుండ్రి.

పాలమూరు_నాన్న:

అక్కా, మా పిల్లగానికి గూడ డౌన్ సిండ్రోమే, 19 నడుస్తున్నయ్, మాది మహబూబ్‌నగర్. అన్నిటికంటె ముందుగాల మెడ సంగతి చూపించుండ్రి. ఈ పిల్లలల్ల కొందరికి మెడల మీది రెండు ఎముకల నడుమ పట్టు వదులుగ ఉంటది, పైకి ఏం తెల్వది. మెడ ముందుకు వంచి ఒకటి, వెనుకకు వంచి ఒకటి పక్కనుంచి ఎక్స్‌రే తీస్తరు, ఎముకల డాక్టర్‌కు డౌన్ సిండ్రోమ్ పిల్ల, ఆటలకు పంపాలె అని చెప్తె ఆయనకు తెలుస్తది. ఎక్స్‌రేల మంచిగున్నదని వచ్చినా ఒక కన్నేసి ఉంచాలె. నడక మారినా, మెడ నొస్తున్నదన్నా, చేతుల పట్టు తప్పినా, ఎన్నడు లేంది ఉచ్చ ఆపుకోలేకపోయినా ఆట బంద్ వెట్టి అదే రోజు దవాఖానకు తీస్కపోవాలె. మావోనికి పల్టీలు, తలతోని బాల్ కొట్టుడు, కబడ్డీల మీదవడి పట్టుడు వద్దన్నరు, ఉరుకుడు, వాలీబాల్, త్రోబాల్ ఆడొచ్చన్నరు. థైరాయిడ్ గూడ ఏడాదికోసారి చూపిస్తం. పిల్ల ఊకె మబ్బుగ పండుకుంటుంటె బద్ధకం అనుకోకుండ్రి, థైరాయిడ్ తక్కువైనా గట్లనే ఉంటది.

ఇంగ బడితోని కొట్లాడుడు నాకైతె పనికొచ్చేదనిపియ్యదు. మావోడు స్పెషల్ స్కూల్ తరఫున స్పెషల్ ఒలింపిక్స్ భారత్ వాళ్ల ఆటలకు పోయిండు. 1968ల అమెరికాల మొదలైన ఆటలు ఇవి, తెలివి ఎదుగుదల తక్కువున్న పిల్లల కోసమే పెట్టిండ్రు. 8 ఏండ్లు నిండితె పోటీలల్ల ఆడొచ్చు, పైన వయసుకు హద్దు లేదు, ఆడేటోళ్ల దగ్గర ఫీజు తీస్కోరు. ముందుగాల అందర్ని ఆడిచ్చి చూసి ఒక తీరు సత్తా ఉన్నోళ్లను ఒక గ్రూపు చేస్తరు, అందుకని మన పిల్లలు ఆడిన ఆటకు ఒక అర్థం ఉంటది. మామూలు బడిల టీమ్‌ల పెట్టినా ఎప్పుడు చివర్లనే నిలవెడుతరు, పిల్ల మనసు ఇరుగుతది.

గ్రౌండ్_సార్:

పాలమూరు అన్న చెప్పిన మెడ ఎక్స్‌రే మాట అందరు గుర్తువెట్టుకోవాలె, అది నూటికి నూరుపాళ్లు నిజం. కాని బడిని ఇడిచిపెట్టుమనుడు మాత్రం నేను ఒప్పుకోనన్నా. నేను దేవరకొండ దిక్కు బడిల పీఈటీని, అంటె ఆటలు నేర్పే సారును. స్పెషల్ ఒలింపిక్స్‌ల్నే యూనిఫైడ్ స్పోర్ట్స్ అని ఉన్నది, అండ్ల వైకల్యం ఉన్న పిల్లలు లేని పిల్లలు ఒకే టీమ్‌ల ఆడుతరు, అంటె కలిపి ఆడిచ్చుడు అయ్యే పనే అని వాళ్లే నమ్మి చేస్తున్నరు. మీ పిల్లగాడు అటు ఆడిండు మంచిదే, ఈ బిడ్డ వారమంతా ఉండేది మాత్రం ఈ బడిల్నే గద.

త్రోబాల్ ఈ పిల్లకు మంచి ఆట. కోర్టుల 7 మంది, బాల్‌ను రెండు చేతులతోని పట్టాలె, 3 సెకన్లల్ల ఇసరాలె, ఒకరి మీద ఒకరు పడేది ఉండదు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు కండరాల బిగువు తక్కువ, వేళ్లు పొట్టిగుంటయి, అందుకని మొదట్ల కొంచెం మెత్తటి బాల్, ఇంత గాలి తక్కువున్నది ఇయ్యాలె. ఆమె నిలవడే జాగల సున్నంతోని గుండ్రంగ గీసి ఇది నీ ఇల్లు, ఈ గీత లోపలికి వచ్చిన బాల్ నీదే అని చెప్పాలె. 3 సెకన్లది ఆమె ఒక్కదానికి సడలిచ్చి, టైమ్ ఎక్కువ ఇస్తున్నమని ఆట మొదలుగాకముందే రెండు టీమ్‌లకు చెప్పాలె. సర్వీస్ లైన్ కంటె ముందు నిలవడి చేయనియ్యొచ్చు. ఇంతవరకే మార్చాలె, ఇంగ దాటొద్దు. ఎదుటి టీమోళ్లు జాలిపడి ఉత్తగనే బాల్ చేతికందియ్యొద్దు, ఆమె ఇడిచిపెడితె పాయింట్ పోవాలె, పట్టి ఇసిరితె పాయింట్ రావాలె. పాయింట్ పోయిననాడు తోటి పిల్లలు ఏందే చూసుకోవా అని అరుస్తరు గద, ఆ అరుపు గూడ ఆమెకు కావాలె, అప్పుడే ఆమె టీమ్‌ల ఉన్నట్టు.

ఖోఖో గూడ పనికొస్తది. కూసున్న పిల్లకు వెనుకనుంచి వీపు మీద తాకి ఖో అని గట్టిగ అంటరు, తాకుడు, అరుపు రెండు ఒక్కసారే వస్తయి కాబట్టి ఎప్పుడు లేవాల్నో తెల్వక ఆగుడుండదు. ఎటు ఉరకాలె, ఎవరికి ఖో ఇయ్యాలె అన్నదానికి మాత్రం మస్తు ఓపికతోని ప్రాక్టీస్ చేయించాలె. స్తంభం కాడ డైవ్ కొట్టుడు ఈ బిడ్డకు అసలే వద్దు.

మన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల్ల కాంస్యం తెచ్చింది, ఆమె ఉరికింది టీ20 కేటగిరీల, అది మేధో వైకల్యం ఉన్నోళ్లదే. ప్రతి బిడ్డ పతకం తేవాలెనని కాదు నేను చెప్పేది, ఊరి గ్రౌండ్‌ల ఎవరో ఒకరు ఉరకనిస్తేనే గద ఆ సంగతి బయటపడేది.

భవిత_టీచరమ్మ:

నేను భవిత సెంటర్‌ల, అంటె వైకల్యం ఉన్న పిల్లల కోసం సర్కారు పెట్టిన సెంటర్‌ల, పిల్లలకు చెప్తుంట, వంట గురించి రాస్త. అమ్మా, మీ బిడ్డ రొట్టెకాడ పట్టువడుతున్నదంటె సగం పని అయిపోయినట్టే. మేము వెనుకనుంచి ముందుకు నేర్పుతం. అంటె అన్ని మెట్లు మీరు చేయుండ్రి, చివరి మెట్టు ఒక్కటే బిడ్డ చేస్తది. అది చేయొస్తె దానికి ముందు మెట్టు గూడ ఆమెకే. ఇట్ల చేస్తె ప్రతిసారి పని పూర్తి చేసింది ఆమెనే అయితది, మధ్యల ఇడిచిపెట్టి పోయేది ఉండదు. జొన్నరొట్టెల చివరి మెట్టు ఏంది, మంట ఆర్పినంక పొడుగు అట్లకాడతోని పెంక మీంచి రొట్టె తీసి గుల్లల వేసుడు. అక్కడికెళ్లి మొదలువెట్టుండ్రి. ఉడుకునీళ్లు పిండిల పోసుడు మీరే చేయాలె, అది చానా రోజులదాంక మీదే. చెయ్యి పట్టేంత గోరువెచ్చగ అయినంక పిసుకుడు ఆమెకు ఇయ్యుండ్రి, వేళ్లకు బలం వస్తది, బాల్ పట్టుడుకు గూడ అది పనికొస్తది.

ఒక్కతే మొత్తం చేసేది కావాలంటె పచ్చిపులుసు. పొయ్యే అక్కర్లేదు. చింతపండు నానవెట్టుడు, పిసికి పిప్పి తీసుడు, నీళ్లు, ఉప్పు, కారంపొడి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, అంతే. పోపు మీరు వెయ్యొచ్చు, లేకున్నా నడుస్తది. ఈ పిల్లలు చెవితోని విన్నదానికంటె కంటితోని చూసింది బాగ పట్టుకుంటరు, అందుకని ప్రతి మెట్టుకు మీ ఇంటి గిన్నె, మీ ఇంటి గంటె ఫోన్‌ల ఫోటో తీసి ప్రింట్ చేసి గోడకు వరుసగ అంటియ్యుండ్రి. ఇంటర్నెట్‌ల దొరికిన బొమ్మలు వద్దు. అన్నానికి కుక్కర్ విజిల్ లెక్కవెట్టుడు ఇప్పుడే వద్దు, కరెంట్ రైస్ కుక్కర్ మేలు, బియ్యానికి ఒకటే గ్లాస్, నీళ్లకు గిన్నె లోపల గీత. ఇండక్షన్ స్టవ్‌కు మంట లేదు గని గిన్నె కాలుతనే ఉంటది, దించే గుడ్డ పట్టుకునే అలవాటు మొదటిరోజునుంచే చేయాలె.

మీ అత్తమ్మను దూరం పెట్టకుండ్రి. రొట్టె తట్టుడు ఆమెనే నేర్పుమనుండ్రి, పక్కకు తానే ఉంటె ఆమె భయం కొంత తగ్గుతది.

నల్లగొండ_తమ్ముడు:

మా అక్కకు మేధో వైకల్యం, నాకంటె పెద్దది, పొద్దుగాల చాయ్, ఉప్మా, పప్పు అక్కదే. టీచరమ్మ చెప్పినదానికి ఒక్కటి కలుపుత. బిడ్డ చేసింది అందరు నిజంగ తినాలె. మా అమ్మ మొదట్ల అక్కతోని చేయించి, అది పక్కకువెట్టి మాకు వేరేది వండేది, అక్క అది కనివెట్టి పొయ్యికాడికి వచ్చుడే బంద్ చేసింది. తర్వాత మా బాపు కూసోని అక్క చేసిన పప్పే తిని, ఉప్పు ఎక్కువైందిరా అన్నడు. అక్క తెల్లారి ఉప్పు తక్కువేసింది. చేసింది ఎట్లున్నా మస్తున్నది మస్తున్నది అంటె వాళ్లకు తెలుస్తది.

మిర్యాలగూడ_అమ్మ:

అందరికి దండాలు. చదువుతుంటె ఏడుపొచ్చింది. ఎక్స్‌రే సంగతి మాకు ఎవ్వరు చెప్పలే, ముందు ఆ పని చేస్త. టీచరమ్మా, కూరగాయలు కోసుడు ఎట్ల? మా ఇంట్ల కత్తిపీటనే ఉంటది. సార్, బడిల నోటితోని అడిగితె ఎవరు పట్టించుకోరు, కాగితం మీద ఏం రాయాలె?

భవిత_టీచరమ్మ:

కత్తిపీట వద్దమ్మా. ఉడకవెట్టిన ఆలుగడ్డ, గుడ్డు, అరటిపండు అసొంటియి పదును లేని కత్తితోని మొదలువెట్టుండ్రి, కింద తడిగుడ్డ ఏసి దానిమీద చెక్కపలక పెడితె జారది. ఒక చేతితోని పట్టుకునేటప్పుడు వేళ్లు లోపలికి ముడుసుడు మీరు చేసి చూపియ్యాలె. క్యారెట్, దోసకాయ పీలర్‌తోని గీయనియ్యొచ్చు. పొయ్యికాడికి వచ్చినప్పుడు చున్నీ తీసేసి జుట్టు ముడేసుకోవాలె, ఇది గూడ ఫోటోలల్ల మొదటి ఫోటోగ పెట్టుండ్రి.

గ్రౌండ్_సార్:

హెడ్‌మాస్టర్ పేరు మీద రాయుండ్రి. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 అని పేర్కొనుండ్రి, ప్రభుత్వ నిధులున్న, గుర్తింపు ఉన్న ప్రతి బడి ఈ పిల్లలకు మిగిలినోళ్లతోని సమానంగ ఆటల అవకాశం ఇయ్యాలని అండ్ల ఉన్నది. వైకల్యం ఉన్నదని సర్కారు ఇచ్చిన సర్టిఫికెట్ (సదరం అసొంటిది) కాపీ, గుండె డాక్టర్ ఆడొచ్చని రాసిచ్చిన చీటీ, మెడ ఎక్స్‌రే రిపోర్ట్ జతచేయుండ్రి. ఏ ఆటలు ఆడొచ్చు, ఏవి వద్దు అన్నది డాక్టర్‌తోనే రాయించుండ్రి, మా అసొంటోళ్లకు అదే ధైర్యం. చివర్ల గేమ్స్ పీరియడ్‌ల త్రోబాల్ టీమ్‌ల ఒక స్థానం ఇయ్యుండ్రి అని రాయుండ్రి, ఊకె ఆటలు ఆడనియ్యుండ్రి అని రాస్తె మళ్ల చెట్టుకింద క్యారమ్స్ బోర్డు ఇచ్చి కూసోవెడుతరు. రెండు కాపీలు తీసి ఒకదానిమీద బడి ముద్ర ఏయించుకొని దగ్గర పెట్టుకోండ్రి. మీ సారు ఎట్ల ఆడిచ్చాల్నో తెల్వదంటె నాకు మెసేజ్ పెట్టుమనుండ్రి, నేను మాట్లాడుత.