అప్‌డేట్: అమ్మ గ్రీన్‌కార్డు, నా బర్త్ సర్టిఫికెట్ సంగతి

నేను అమెరికా సిటిజన్‌ని, అమ్మ కోసం ఐ-130 (గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టు, మా తల్లీబిడ్డల బంధం రుజువు చేసే పిటిషన్) వేస్తే నా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదని ఇమ్మిగ్రేషన్ వాళ్ళ నుంచి నోటీసు వచ్చింది, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. ఆ పిటిషన్ అప్రూవ్ అయింది! సలహా ఇచ్చిన అందరికీ చేతులెత్తి దండం.

కాగితాలు నింపిపెట్టిన కన్సల్టెంట్ అసలు లాయరే కాదని తర్వాత తెలిసింది, పైగా అదే సర్టిఫికెట్ మళ్ళీ పంపమన్నాడు. మీరు చెప్పినట్టే అమెరికా న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి (లాయర్ కాకపోయినా ఇమ్మిగ్రేషన్ కేసులు చూసే అనుమతి ఉన్నవారు) పనిచేసే ఒక సేవాసంస్థకి వెళ్ళాను. ఆవిడ సర్టిఫికెట్ చూడగానే రిజిస్ట్రేషన్ తేదీ మీద వేలు పెట్టారు. నేను పుట్టింది 1984లో, రిజిస్టర్ చేయించింది 2009లో. అంత ఆలస్యమైతే పుట్టినప్పటి నాటి ఆధారాలు కూడా అడుగుతారట.

తమ్ముడు ఊళ్ళో ట్రంకుపెట్టె మొత్తం దులిపితే నా టీకాల కార్డు దొరికింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, కానీ అమ్మ పేరు నీలం ఇంకుతో స్పష్టంగా ఉంది. ఫోన్‌లో ఆ ఫొటో చూసి ఏడ్చేశాను. దాంతోపాటు పెద్దమ్మ, మేనత్త అఫిడవిట్లు పెట్టాం, పురుడు తమ కళ్ళముందే జరిగిందని, ఆ సంగతి తమకెలా తెలుసో వివరంగా రాసి. తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ళ సంతకంతో ధ్రువీకరణ తప్పనిసరి.

ఇలాంటి నోటీసు వస్తే గడువు తేదీ ముందు చూసుకోండి, జవాబు ఒక్కసారే, అన్నీ కలిపి పంపాలి. లాయరని చెప్పుకునేవాళ్ళ పేరు స్టేట్ బార్ (ఆ రాష్ట్ర లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో వెతకండి, నేను డబ్బు కట్టాక వెతికాను. ఇప్పుడు ఐ-864 స్పాన్సర్ కాగితాలు మొదలుపెట్టాం.