అప్‌డేట్: ఫ్రీక్వెన్సీ హాపింగ్ కనిపెట్టింది హెడీ లామారేనా? తేలింది

"వైఫై కనిపెట్టింది హాలీవుడ్ నటి హెడీ లామార్" అని మా బావ వాదిస్తుంటే నిజమేనా అని అడిగాను కదా, తేలిపోయింది. ఆవిడ పేటెంట్ తీసుకున్నది అసలు ఫ్రీక్వెన్సీ హాపింగ్‌కి, అంటే సిగ్నల్ పంపే రేడియో ఫ్రీక్వెన్సీని వెంటవెంటనే మార్చే పద్ధతికి. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. కథనాలు పక్కనపెట్టి నేరుగా పేటెంటే చదవమన్న సలహా పనిచేసింది. నంబర్ 2,292,387, 1942 ఆగస్టు 11న వచ్చింది, అందులో ఆవిడ పేరు హెడీ కీస్లర్ మార్కీ అని ఉంది కాబట్టి లామార్ అని వెతికితే దొరకదు (నాకు గంట పోయింది). టార్పెడోకి (నీటిలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం) పంపే సిగ్నల్‌ను శత్రువు జామ్ చేయకుండా, సిగ్నల్ పంపే చోటా, టార్పెడోలోనూ చిల్లులు పెట్టిన కాగితపు చుట్టలు ఒకే వేగంతో తిరుగుతూ ఫ్రీక్వెన్సీ మారుస్తుంటాయి, అచ్చం తనంతట తానే వాయించే ఆటోమేటిక్ పియానోలో తిరిగే చుట్టల్లాగే. వాటిలో 88 వరసలు, పియానో మెట్లూ 88! ఆవిడతో కలిసి పేటెంట్ తీసుకున్న జార్జ్ ఆంథైల్ సంగీతకారుడు మరి.

అయితే ఆలోచన వీళ్లదే మొదటిది కాదు. శాస్త్రవేత్త నికోలా టెస్లా 1903 పేటెంట్లలోనే దీని ఛాయలున్నాయి, డచ్చి ఆయన విలెం బ్రూర్ట్యెస్‌కి 1932లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. వైఫై గొడవ మాత్రం అనవసరం, ఇప్పటి వైఫైలో హాపింగ్ లేదు, ఉన్నది బ్లూటూత్‌లో, సెకనుకి 1600 సార్ల దాకా. బావ ఇంకా ఒప్పుకోలేదనుకోండి.