'సి జోరే స్యు...': ఒకే వాక్యం, రెండు తప్పులు, మన 'వచ్చేదాన్ని'

ప్రశ్న (మాంట్రియల్ నుంచి):

గ్రూపులో ఫ్రెంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నాను. నేనిక్కడ ఒక డేకేర్‌లో పనిచేస్తూ సాయంత్రాలు ఫ్రెంచి క్లాసుకి వెళ్తున్నాను. మొన్న మంచు కురుస్తుంటే గంటసేపు బస్టాపులో నిలబడి వచ్చిన మా కొలీగ్, లోపలికి అడుగు పెడుతూనే "సి జోరే స్యు, జోరే పా వెన్యు!" అంది. అందరూ పక్కున నవ్వారు. 'తెలిసుంటే వచ్చేదాన్నే కాదు' అన్నదని నాకు అర్థమైంది. బాగుంది కదా అని నోట్సులో రాసుకుని, హోంవర్కులో ఎక్కించాను. టీచర్ రెండు చోట్ల ఎర్ర గీతలు పెట్టి ఇచ్చారు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లంటే నవ్వు, నేను రాస్తే ఎర్ర గీతలా? ఈ 'జోరే' లెక్కేమిటో ఎవరైనా తెలుగులో చెప్పండి. క్లాసులో చెప్పింది వింటుంటే టెన్షన్ తప్ప ఏమీ ఎక్కట్లేదు.

జవాబు (హైదరాబాదు, ఫ్రెంచి టీచర్):

మీ కొలీగ్ తప్పు మాట్లాడలేదండీ, కావాలని తప్పుగా మాట్లాడింది. 1962లో వచ్చిన 'లా గేర్ దే బుతోఁ' (బొత్తాల యుద్ధం) అనే సినిమాలో పెటి జిబ్యుస్ అనే బుడ్డోడి డైలాగది. అప్పట్నుంచి ఫ్రెంచివాళ్లు ఇరుకున పడ్డప్పుడల్లా సరదాగా అదే అంటారు. మన సినిమా డైలాగులు మనం వాడుకున్నట్టే. తప్పు ఉంటేనే దానికి అందం. సరిచేస్తే నవ్వు రాదు.

సరైన వాక్యం ఇది: "సి జావే స్యు, జ న సరే పా వెన్యు." (ఉచ్చారణ దగ్గరదగ్గరగా రాస్తున్నాను, పట్టించుకోకండి.)

మొదటి ఎర్ర గీత 'వెన్యు' దగ్గర పడి ఉంటుంది. జరగని గతాన్ని చెప్పడానికి ఫ్రెంచిలో రెండు ముక్కలు కావాలి. మొదటిది సహాయక క్రియ: 'అవ్వార్' (కలిగి ఉండటం) అయితే, నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు వరసలో జోరే, త్యు ఓరే, ఇల్ ఓరే, నూ జోరియోఁ, వూ జోరియే, ఇల్ జోరే. 'ఎత్ర్' (ఉండటం) అయితే జ సరే, త్యు సరే, ఇల్ సరే, ఇలా. (అవును, అచ్చంగా మన 'సరే'లాగే వినబడుతుంది. నా క్లాసులో ప్రతి బ్యాచీ ఇక్కడ నవ్వుతుంది.) దాని పక్కన అసలు క్రియ భూతకాల రూపం: వూల్యు (కోరుకోవడం), ప్యు (చేయగలగడం), వెన్యు (రావడం). ఎక్కువ క్రియలకు 'అవ్వార్' సరిపోతుంది. రావడం, వెళ్లడం, పుట్టడం, చావడం, పడటం లాంటివాటికి మాత్రం 'ఎత్ర్' కావాలి. 'వచ్చేదాన్ని' అనాలంటే 'జ సరే వెన్యు' అనాలి, 'జోరే వెన్యు' అనకూడదు.

రెండో గీత 'సి' (మన 'అయితే', 'ఉంటే' లాంటి షరతు మాట) పక్కన. అక్కడ 'జోరే' రాకూడదు, 'జావే' రావాలి. బడిపిల్లలకు ఒక చిట్కా నేర్పుతారు: "లే సి నేమ్ పా లే రే". 'సి'లకు 'రే'లంటే పడదు అని. చెవికి మాత్రం 'రంపాలకు టేకు చేపలంటే పడదు' అన్నట్టు కూడా వినబడుతుంది. అందుకే పిల్లలు మర్చిపోరు.

ఇక మీరు తెలుగులో చెప్పమన్నారు కాబట్టి నాకు ఎప్పట్నుంచో చెప్పాలని ఉన్న మాట ఒకటి చెప్తాను. ఈ వాక్యం చూడండి: "నాన్న ఉంటే తిట్టేవారు." దీనికి రెండు అర్థాలు. ఒకటి, నాన్న ఇంట్లో ఉన్నప్పుడల్లా తిట్టడం ఆయన అలవాటు. రెండు, ఆ రోజు నాన్న లేరు కాబట్టి బతికిపోయాం, ఉండి ఉంటే తిట్లు తప్పేవి కావు. మనం ఒకే 'తిట్టేవారు'తో రెండూ చెప్పేస్తాం. పక్కింటివాళ్లు విన్నా తికమకపడరు, సందర్భం చూసుకుంటారు. ఫ్రెంచిలో ఇవి రెండు వేర్వేరు రూపాలు. అలవాటుకు 'ఇల్ గ్రోందే'. జరగని తిట్టుకు 'ఇల్ ఓరే గ్రోందే'. కానీ ఆ 'ఓరే' చివర ఉన్న 'రే'ని విప్పి చూస్తే, అందులో ఉన్నది పాత అలవాటును చెప్పే ప్రత్యయమే! లాటిన్‌లో 'కంతారే హబేబత్', అంటే 'పాడవలసి ఉండేది' అనే మాట అరిగి అరిగి ఫ్రెంచి 'షాంతరే' అయింది. ముందున్న 'ర' ఆ 'కంతారే' నుంచి వచ్చింది, తర్వాతది 'హబేబత్' తోక. నూ, వూ రూపాల తోకలు కూడా అలవాటు కాలంవే. అంటే వాళ్లూ మనలాగే 'ఉండేది'తోనే మొదలుపెట్టారు, తర్వాత దానికి ముందు ఇంకో ముక్క తగిలించి వేరు చేసుకున్నారు.

17వ శతాబ్దపు పాస్కల్ క్లియోపాత్రా ముక్కు మాట ఎంతమందో చెప్తుంటారు: అది ఇంకాస్త పొట్టిదై ఉంటే భూమి ముఖమే మారిపోయేదని. ఆ వాక్యంలో 'మారిపోయేది' అన్నచోట 'ఓరే షాంజే' ఉంది. 'అయి ఉంటే' అన్నచోట మాత్రం పాత పద్ధతి రూపం ఉంటుంది. ఆ పాత రూపాన్ని పుస్తకాల్లో చూస్తే గుర్తుపడితే చాలు, రాయక్కర్లేదు.

జవాబు (మాంట్రియల్ నుంచి, మళ్లీ నేనే):

మేడమ్, 'నాన్న ఉంటే తిట్టేవారు'తో కళ్లు తెరుచుకున్నాయి. కానీ ఇంకో చిక్కుంది. నిన్న పేపర్లో ఒక యాక్సిడెంట్ వార్త: "ల్ కోందుక్తర్ ఓరే పెర్ద్యు ల్ కోంత్రోల్". డ్రైవర్ అదుపు కోల్పోయేవాడే, కానీ కోల్పోలేదు అని చదువుకున్నాను. కింద ఫొటోలో చూస్తే కారు స్తంభానికి గుద్దుకుని ఉంది!

జవాబు (హైదరాబాదు):

అది వార్తల 'ఓరే'. అదుపు కోల్పోయాడట, లేదా మన పేపర్ల భాషలో 'అదుపు కోల్పోయినట్లు సమాచారం'. విలేకరి తన మీద పూచీ పెట్టుకోకుండా రాయడానికి ఈ రూపం వాడతాడు. 'మంత్రి రాజీనామా చేశారట'లో ఆ 'ట' చేసే పనే. మనకు ఒక్క అక్షరం సరిపోతుంది, వాళ్లకు కాలం మొత్తం మార్చాలి. ఈ విషయంలో మనమే లాభపడ్డామని నా లెక్క.

మీరు రోజూ ఎక్కువగా వినేవి మాత్రం మూడు: జోరే ద్యు, జోరే ప్యు, ఇల్ ఓరే ఫాల్యు (అలా చేసి ఉండాల్సింది). 'జోరే ద్యు ల్ దీర్' అంటే 'చెప్పాల్సింది' (చెప్పలేదు, ఇప్పుడు బాధపడుతున్నాను). 'జే ద్యు ల్ దీర్' అంటే 'చెప్పాల్సొచ్చింది' (చెప్పేశాను, తప్పలేదు). 'చెప్పాల్సింది', 'చెప్పాల్సొచ్చింది' మధ్య ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు కదా. విద్యార్థులు ఒక్క 'ఓరే' మింగేసి, చెప్పని మాట చెప్పేసినట్టు రాస్తుంటారు.

'త్యు ఓరే ప్యు మ ప్రేవ్నీర్' దగ్గర ఇంకా జాగ్రత్త. మాటకు మాట పెట్టి 'నాకు చెప్పి ఉండొచ్చు' అనుకుంటే దారి తప్పినట్టే. తెలుగులో అది అనుమానం: చెప్పాడేమో, నాకు గుర్తులేదు. ఫ్రెంచివాడు అన్నది నిష్ఠూరం: "ఒక్క మాట చెప్పొచ్చుగా!"

జవాబు (యానాం నుంచి):

అమ్మా, నాకు వ్యాకరణం రాదు. మా తాతయ్య మాత్రం 1954కి ముందు యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. చిన్నప్పుడు గోదారి గట్టు మీద నేను కాలుజారబోతే చెయ్యి పట్టి లాగి, ఇంటికొచ్చి మా నానమ్మతో "అఁ పా ద ప్లుస్, ఎ ఇల్ తోంబే" అన్నారు. ఇందులో మీరు చెప్పిన 'ఓరే' లేదే? పడలేదు కదా నేను!

జవాబు (హైదరాబాదు):

అయ్యా, మీ తాతగారిది తప్పు కాదు, చక్కటి ఫ్రెంచి. 'ఇల్ సరే తోంబే' అనే బదులు నేరుగా అలవాటు రూపం 'ఇల్ తోంబే' వాడారు. 'ఇంకొక్క అడుగు వేసుంటే పడిపోయేవాడు' అని తెలుగులో అన్నట్టే. గండం తృటిలో తప్పినప్పుడు ఫ్రెంచి ఇప్పటికీ ఇలా మాట్లాడుతుంది. నేనింతసేపు రాసిన దానికి మీ తాతగారి ఒక్క మాట సాక్ష్యం.

ఒక మాట మాత్రం తెలుగుకు ఎదురొస్తుంది. మనం 'వచ్చేవాడైతే ఈపాటికి వచ్చేవాడు' అంటాం, షరతులోనూ 'వచ్చేవాడు' ఉంటుంది. అందుకే మన పిల్లలకు 'సి' పక్కన 'రే' పెట్టడం తప్పుగా తోచదు. తెలుగు మనసు తెచ్చే పొరపాటది, తెలివితక్కువ కాదు.

జవాబు (మాంట్రియల్ నుంచి):

మేడమ్, ఇవాళ ఆ కొలీగ్ చెప్పాపెట్టకుండా మళ్లీ ఆలస్యంగా వచ్చింది. ధైర్యం చేసి "త్యు ఓరే ప్యు మ ప్రేవ్నీర్!" అన్నాను. ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, "ఉయ్, జోరే ద్జ్యు" (అవును, చెప్పాల్సింది) అంది. 'ద్యు' అనుకుంటే 'ద్జ్యు' వినబడింది. మీ పాఠాల్లో లేని ఈ 'జ' ఎక్కడిది?

జవాబు (హైదరాబాదు):

అది క్యూబెక్ యాస. 'త్యు'ని 'త్స్యు' అని, 'ద్యు'ని 'ద్జ్యు' అని పలుకుతారు. నా దగ్గరున్న పారిస్ రికార్డింగుల్లో వినబడదు, మీరే నాకు చెప్పాలి. అన్నట్టు, హోంవర్కు మళ్లీ రాసేటప్పుడు 'వెన్యు' చివర ఇంకో 'e' అక్షరం చేర్చండి. పలకడంలో తేడా రాదు కానీ, అది లేకపోతే మీరు 'వచ్చేవాణ్ణి కాదు' అని రాసినట్టే. మూడో ఎర్ర గీత పడుతుంది.