ఫిట్స్‌ని గుర్తుపట్టే డీప్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్‌ని న్యూరాలజిస్ట్ లేని ఊళ్ళలో పెట్టొచ్చా?

మారతహళ్ళి_మామ:
నాతో పాటు పనిచేసిన ఒకడు ఇప్పుడు హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో చిన్న స్టార్టప్‌లో ఉన్నాడు, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి ఈఈజీ (నెత్తి మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు కరెంటుని గీతలుగా తీసే పరీక్ష) ఫైల్ ఇస్తే ఫిట్స్ ఉందా లేదా, ఉంటే ఏ సెకన్‌లో మొదలైందో చెప్పేస్తుందట. యాక్యురసీ 99 శాతం పైనే అంటున్నాడు. హిందూపురం, కదిరి, మదనపల్లె ఇలాంటి ఊళ్ళ నర్సింగ్ హోమ్‌లకి అమ్మాలని చూస్తున్నారు, అక్కడ మెషిన్ కొన్నా చదివేవాళ్ళు దొరకరు కదా. నా ఓటు పెట్టేయమనే. దేశంలో దాదాపు కోటి మందికి మూర్ఛ ఉంది, న్యూరాలజిస్టులేమో ఎక్కువ మంది సిటీల్లోనే. కాదనేవాళ్ళు ఎందుకో చెప్పండి, డాక్టర్ దేవుడితో సమానం టైపు డైలాగులు మాత్రం వద్దు.

లాస్_ఫంక్షన్:
మామా 99 అనగానే నాకు డౌటు. ఒక పేషెంట్‌కి 24 గంటలు రికార్డ్ చేశారనుకో, అంటే 1440 నిమిషాలు, అందులో ఫిట్స్ ఒక్క నిమిషం. నేను డేటా చూసి నేర్చుకునే మోడల్ గీడల్ ఏం లేకుండా ప్రతి నిమిషానికీ "లేదు" అని ప్రింట్ చేసే ఒక్క లైన్ కోడ్ రాస్తే దాని యాక్యురసీ 99.93. ఉన్న ఒక్క ఫిట్సూ మిస్ అయింది, నంబర్ మాత్రం మీవాడి కంటే బాగుంది. అడగాల్సింది ఎన్ని ఫిట్స్ పట్టుకుంది, రోజుకి ఎన్ని తప్పుడు అలారాలు కొట్టింది అని. గంటకి ఒకటి తప్పు అంటే తక్కువే అనిపిస్తుంది, రోజుకి 24 అవుతాయి, రెండో రోజుకే నర్సు సౌండ్ ఆపేస్తుంది.

ఇంకోటి, ఏ డేటా మీద టెస్ట్ చేశారు? జర్మనీలోని బాన్ యూనివర్సిటీ అందరికీ ఇచ్చిన ఈఈజీ డేటా అయితే ఇక మాట్లాడక్కర్లేదు. 2001లో వచ్చింది, ఐదు సెట్లు, సెట్‌కి 100 ముక్కలు, ముక్క 23.6 సెకన్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవి నెత్తి మీద ఎలక్ట్రోడ్ పెట్టి తీసినవి, ఫిట్స్ సెట్టేమో పుర్రె లోపల పెట్టిన ఎలక్ట్రోడ్‌లతో తీసింది. ఆ రెండింటినీ విడదీసి వంద శాతం వచ్చింది అని పేపర్లు రాస్తారు, మోడల్ పట్టింది ఫిట్స్‌నా లేక ఎలక్ట్రోడ్ ఎక్కడుందో దాన్నా?

మారతహళ్ళి_మామ:
బాన్ కాదు, సీహెచ్‌బీ ఎంఐటీ డేటా అన్నాడు. అది నెత్తి మీద తీసిందే కదా.

లాస్_ఫంక్షన్:
అది చాలా నయం. కానీ బోస్టన్‌లో ఒకే పిల్లల ఆసుపత్రి, 22 మంది, మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ళు, ఆపరేషన్ చెయ్యొచ్చా అని చూడ్డానికి మందులు ఆపి మరీ రోజుల తరబడి రికార్డ్ చేశారు. సెకనుకి 256 శాంపిళ్ళు. ఇప్పుడు దాన్ని నాలుగు సెకన్ల ముక్కలుగా కోసి, అన్నీ కలిపేసి, 80 శాతం ట్రైనింగ్‌కి 20 శాతం టెస్ట్‌కి పెడితే అదే పిల్లాడి అదే ఫిట్స్‌లో పక్కపక్క ముక్కలు రెండు వైపులా పడతాయి. లీకైన పేపర్‌తో పరీక్ష రాసినట్టే అది. ఒక పేషెంట్‌ని పూర్తిగా పక్కన పెట్టి మిగతా 21 మంది మీద నేర్పి ఆ ఒక్కడి మీద టెస్ట్ చేయమను, నంబర్ ఎంతకి పడిపోతుందో చూద్దాం. మీవాణ్ణి అడుగు, ఆ ముక్కల వారీగా కోశాడా పేషెంట్ల వారీగా కోశాడా అని.

ఎలక్ట్రోడ్_అన్న:
నేను ఈఈజీ టెక్నీషియన్‌ని, బెంగుళూరులో ప్రైవేట్ హాస్పిటల్. మీరు డేటా డేటా అంటున్నారు గానీ అది ఎట్లా వస్తుందో కాస్త వినండి. మన పక్క నుంచి వచ్చేవాళ్ళు నెత్తికి కొబ్బరినూనె దట్టంగా పట్టించుకుని వస్తారు, తలస్నానం చేసి నూనె రాయకుండా రండి అని ముందే చెప్తాం, అయినా వస్తారు. నూనె మీద పేస్ట్ పట్టదు, ఇంపెడెన్స్, అంటే ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య అడ్డు, పెరిగిపోతుంది, రికార్డింగ్ అంతా గోడ ప్లగ్గు కరెంటు గీతలే. అమెరికాలో ఆ కరెంటు గోల 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే మనకి 50 దగ్గర. పిల్లాడు చిప్స్ నమిలితే కండరాల గీతలు, కొత్తవాళ్ళు చూసి భయపడిపోతారు. ఎలక్ట్రోడ్ ఒకటి లూజ్ అయితే రిథమ్‌గా ఊగుతుంది, అచ్చం ఫిట్స్ లాగే. నేను పక్కనే ఉంటా కాబట్టి "నములుతున్నాడు" అని మార్క్ చేస్తా. ఆ నర్సింగ్ హోమ్‌లో ఎవరు పెడతారు 21 ఎలక్ట్రోడ్లు, టేప్‌తో కొలిచి? ముందు దానికి మనిషిని ట్రైన్ చేయండి సార్, సాఫ్ట్‌వేర్ తర్వాత.

హిందూపురం_అమ్మ:
మీరంతా బెంగుళూరులో కూచోని మాట్లాడతాండారు. మాది హిందూపురం పక్కన పల్లె. మా పాప చదువుతా చదువుతా ఉన్నట్టుండి ఆగిపోయి చూస్తా ఉండేది, పది సెకన్లు, మళ్ళీ మామూలు. టీచరమ్మ పరధ్యానం అనె, మా అత్త గాలి సోకింది అని తాయెత్తు కట్టించె. ఇది ఫిట్స్ అని ఎవరూ అనుకోల్యా, కిందపడి కొట్టుకుంటేనే ఫిట్స్ అని, చేతిలో తాళాలు పెడితే పోతాది అని అనుకునేవాళ్ళం. బెంగుళూరు వచ్చేదాకా పేరు తెలీల్యా. మెషిన్ ఏదో ఒకటి మా ఊర్లో ఉండింటే అన్ని దినాలు పోయేవి కాదు గదా. తప్పు చెప్తాదేమో అంటాండారు, ఆడ ఉన్న మనుషులు కూడా తప్పే చెప్పిరి.

మారతహళ్ళి_మామ:
అమ్మా కరెక్ట్‌గా చెప్పారు. నేను అనేది ఇదే.

నైట్_డ్యూటీ_డాక్టర్:
న్యూరాలజీ రెసిడెంట్‌ని, డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. అమ్మా, మీ పాప చేత రికార్డింగ్ అప్పుడు గట్టిగా ఊపిరి తీసి వదలమని, ఊదమని చేయించారా?

హిందూపురం_అమ్మ:
అవును సారూ, కాగితం పట్టుకొని ఊదించినారు, ఊదతా ఊదతానే ఆగిపోయింది పాప. అప్పుడే పట్టుకునిరి.

నైట్_డ్యూటీ_డాక్టర్:
అదే అనుకున్నా. మీ పాపకి వచ్చినట్టు కాసేపు ఆగిపోయి చూసే రకాన్ని ఆబ్సెన్స్ ఫిట్స్ అంటాం, అవి అలా ఊదిస్తే బయటపడతాయి, సెకనుకి మూడు చొప్పున స్పైక్ వేవ్‌లు (మొనదేలిన గీత, వెనకే ఒక అల) బారులు తీరి వస్తాయి, అలాంటిది మంచి మోడల్ కూడా పట్టేస్తుంది, నాకు డౌట్ లేదు. అయితే పాపని ఊదించింది టెక్నీషియన్, కాబట్టి ఎలక్ట్రోడ్_అన్నతో నేను వందశాతం.

ఎవరూ అనని విషయం ఒకటుంది. మామూలు ఈఈజీ తీసేది 20, 30 నిమిషాలు. ఆ కాసేపట్లో పేషెంట్‌కి ఫిట్స్ రావడం చాలా అరుదు, ఆబ్సెన్స్ వేరే సంగతి. మేము ఆ కాగితంలో వెతికేది ఫిట్స్ కాదు, ఫిట్స్‌కీ ఫిట్స్‌కీ మధ్య అప్పుడప్పుడూ కనిపించే స్పైక్‌లు. మీ ఫ్రెండ్ మోడల్ నేర్చుకుంది నడుస్తున్న ఫిట్స్‌ని పట్టడం. దానికి అరగంట ఫైల్ ఇస్తే "ఫిట్స్ లేదు" అంటుంది, అది నిజమే కూడా, కానీ ఆ కాగితం చేతిలో పడగానే ఇంట్లోవాళ్ళు "జబ్బు లేదు" అని చదువుతారు, మందులు ఆపేస్తారు. నిజంగా మూర్ఛ ఉన్నవాళ్ళలోనే మొదటి ఈఈజీ చాలామందికి నార్మల్‌గా వస్తుంది. ఇక్కడ కర్ణాటకలో వేడి నీళ్ళు నెత్తిన పోసుకుంటే వచ్చే ఫిట్స్ బాగా చూస్తాం, బెంగుళూరు నిమ్హాన్స్ (మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి) వాళ్ళు ఏళ్ళ తరబడి దాని మీద పేపర్లు రాశారు. వాళ్ళలో ఎక్కువమందికి మామూలు ఈఈజీలో ఏమీ కనపడదు. "తలస్నానం చేసేటప్పుడు వస్తుందా" అని అడిగితేనే తెలుస్తుంది.

తప్పు అటువైపు కూడా ఉంది. నమిలిన గీతల్ని ఫిట్స్ అంటే ఏళ్ళ తరబడి మందులు. ఆబ్సెన్స్‌కి కార్బమజెపిన్ అనే వేరే రకం ఫిట్స్ మందు రాసేస్తే ఫిట్స్ ఇంకా పెరుగుతాయి, అంటే ఉంది లేదు చాలదు, ఏ రకమో తెలియాలి. ఆడపిల్లకైతే చెప్పక్కర్లేదు, మూర్ఛ పేరుతో పెళ్ళి చెల్లదనే రూల్‌ని 1999లోనే చట్టంలోంచి తీసేశారు గానీ పెళ్ళిచూపుల్లో చట్టం ఎవరు చూస్తారు.

మారతహళ్ళి_మామ:
డాక్టర్ గారూ, మరి 2023లో స్కోర్ ఏఐ అని ఈఈజీ చదివే సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా, 30,493 ఈఈజీల మీద నేర్పారు, నిపుణులతో సమానంగా చదివిందని జామా న్యూరాలజీ అనే మెడికల్ జర్నల్‌లో వేశారు. అది మామూలు ఈఈజీలనే చదివింది.

నైట్_డ్యూటీ_డాక్టర్:
చదివింది, మంచి పనే, నేను దానికి వ్యతిరేకం కాదు. అది మామూలు ఈఈజీల మీదే నేర్చుకుంది, నార్మలా కాదా, కాకపోతే ఏ రకం అని చెప్పేలా తయారు చేశారు. మీ ఫ్రెండ్‌ది వేరే పనికి చేసింది, రెండూ ఈఈజీ చదివేవే కాబట్టి ఇక్కడ అమ్ముతున్నాడు. నిజంగా ఉపయోగం కావాలంటే మా ఐసీయూకి తెమ్మనండి. ఒళ్ళు కదలకుండా మెదడులో మాత్రం ఫిట్స్ నడిచే పేషెంట్లు ఉంటారు, రాత్రంతా రికార్డింగ్ ఆన్‌లో ఉంటుంది, ఎనిమిది గంటల ఫైల్ ఎవరు చూస్తారు? మోడల్ ఈ నలభై చోట్ల చూడండి అంటే నేను ఆ నలభై చూస్తా, ముప్పై తప్పైనా పర్లేదు.

హిందూపురం_అమ్మ:
ఐసీయూ బెంగుళూరులో ఉండాది సారూ. మళ్ళా మాకు ఏమీ రాల్యా.

నైట్_డ్యూటీ_డాక్టర్:
అమ్మా మీ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నన్నడిగితే హిందూపురంలో టెక్నీషియన్ తీయాలి, ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో తీసిన వీడియో జత చేయాలి, ఫైల్ ఇక్కడికి పంపితే మేం చదవాలి, మోడల్ అనుమానమున్న ఫైళ్ళని వరసలో ముందుకి జరపాలి అంతే. "నార్మల్" అనే మాట మాత్రం దాని చేత ప్రింట్ చేయించకూడదు.

లాస్_ఫంక్షన్:
నార్మల్ ప్రింట్ చేయకపోతే ఏ నర్సింగ్ హోమ్ కొంటుంది డాక్టర్ గారూ, వాళ్ళు డబ్బులిచ్చేదే ఆ ఒక్క మాటకి.

ఎలక్ట్రోడ్_అన్న:
వరసలో ముందుకి జరపడం ఓకే. కానీ చదివినందుకు మీకు ఫీజు ఉంటుంది, తీసినందుకు మా వాడికి ఎంతిస్తారో అది కూడా ఇక్కడే తేల్చండి.

మారతహళ్ళి_మామ:
సరే, వాడికి మెసేజ్ పెట్టా, మూడే అడిగా, పేషెంట్ల వారీగా కోస్తే నంబర్ ఎంత, రోజుకి తప్పుడు అలారాలు ఎన్ని, మన దగ్గర తీసిన ఫైళ్ళ మీద ఒక్కసారైనా నడిపాడా అని. పెట్టాలనే ఇప్పటికీ అంటా నేను, కానీ 20 నిమిషాల ఫైల్‌కి కాదు.