అదే తోటకూర, అంతే కొలత... ఐఎన్‌ఆర్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న (పశ్చిమ మాంబళం, చెన్నై)
మా అత్తగారికి గుండెలో లోహపు కవాటం అమర్చి రెండేళ్లయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి వార్ఫరిన్ మాత్ర వేసుకుంటారు. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే సంఖ్య) 2.5, 3.5 మధ్య ఉండాలని, ఆకుకూరలు మానకుండా రోజూ ఒకే మోతాదులో తినాలని డాక్టరుగారు చెప్పారు. అందుకే రోజుకు అరకట్ట తోటకూర, కొలత తప్పనివ్వను. కొలెస్ట్రాల్ భయంతో ఇన్నాళ్లూ నూనె చుక్క లేకుండా ఉడికించి పెట్టాను. గత నెల మా ఆడపడుచు నెల్లూరు నుంచి ఇంట్లో కాచిన నెయ్యి తెచ్చింది. అప్పటి నుంచి అదే తోటకూరను పప్పులో వండుతున్నాను, అత్తగారు రెండు చెంచాల నెయ్యి వేసుకుని తృప్తిగా తింటున్నారు. మొన్న పరీక్షలో 2.9 కాస్తా 2.1 అయింది. మాత్ర ఒక్క పూటా తప్పలేదు. నెయ్యికి ఇంత ప్రభావం ఉంటుందా? ఆవిడ కంచంలోంచి నెయ్యి తీసేయడానికి నాకు చేతులు రావడం లేదు.

జవాబు (పోషకాహార నిపుణురాలు, అడయారు)
ముందు ఆ 2.1 సంగతి ఈరోజే డాక్టరుగారికి చెప్పండమ్మా. కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, మాత్ర మోతాదు మీరుగా మార్చకండి.

మీ అనుమానంలో పస ఉంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కె విటమిన్ ఆకులో పత్రహరితం ఉండే పొరలను అంటిపెట్టుకుని ఉంటుంది, సులభంగా బయటికి రాదు. అది కొవ్వులో కరిగేది. భోజనంలో కొవ్వు ఉంటే పిత్తరసం బాగా ఊరి, విటమిన్‌ను పేగు గోడ దాటిస్తుంది. 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో ఐదుగురికి పాలకూరను వెన్నతో ఒకసారి, వెన్న లేకుండా ఒకసారి పెట్టారు. వెన్నతో తిన్నప్పుడు రక్తంలో చేరిన కె విటమిన్ సుమారు మూడు రెట్లు. వార్ఫరిన్ పని ఆ విటమిన్‌కు అడ్డుపడటమే కాబట్టి, అది ఎక్కువ చేరితే ఐఎన్‌ఆర్ తగ్గుతుంది. అయినా నెయ్యి ఒక్కటే కారణమని తేల్చేయలేం. నెయ్యి మాన్పించనక్కరలేదు, రోజూ ఒకే కొలతలో వేయండి.

జవాబు (పెరంబూరు)
మా నాన్నగారికీ ఇలాగే అయింది. నీరసానికని పాలలో కలిపిచ్చిన పొడిలో కె విటమిన్ ఉందని ఆలస్యంగా తెలిసింది. డబ్బా మీద చూడండి.

ప్రశ్న అడిగినవారు
చూశాను. నెయ్యితో పాటు ఆడపడుచు తెచ్చిన పొడి డబ్బా మీద కూడా ఉంది! డాక్టరుగారు పొడి ఆపమన్నారు. నెయ్యి రోజూ ఒక్క చెంచా, అదీ మధ్యాహ్నం పప్పులోనే. శుక్రవారం మళ్లీ పరీక్ష.