పాటలు కూడా ఉన్న పాత గేమ్ సీడీ: గీత పడ్డ డేటా ట్రాక్‌ను ఎట్ల కలపాలి?

నల్గొండ నుంచి అడుగుతున్న. సొంత గేమ్ సీడీకి ఒక బ్యాకప్ కావాలె, అంతే. కాపీ ప్రొటెక్షన్ ఏం లేదు. కొన్న ప్రోగ్రామ్‌కు జాగ్రత్త కాపీ పెట్టుకోవచ్చని మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏఏ)లో ఉన్నది కాబట్టి ఆ చర్చ వద్దు.

సీడీలో ఒకటో ట్రాక్ డేటా, 2 నుంచి 11 దాకా ఆడియో. ఐఎస్ఓ (సీడీలోని డేటాను ఒకే ఫైల్‌గా తీసిన కాపీ) చేస్తే గేమ్ నడుస్తది గానీ మ్యూజిక్ రాదు. ఐఎస్ఓలో సెక్టార్‌కు (సీడీ మీద ఒక చిన్న ముక్కకు) 2048 బైట్ల డేటా ఒక్కటే వస్తది, ఆడియో ట్రాకులు రావు. బిన్ (సీడీ మొత్తం ఉన్నదున్నట్టు), క్యూ (ఏ ట్రాక్ ఎక్కడ మొదలైతదో రాసే చిన్న ఫైల్) ఫైళ్లుగా తీద్దామంటే 94,300 సెక్టార్ దగ్గర, అంటే 21వ నిమిషంలో, డ్రైవ్ గిర్రుగిర్రుమని ఆగుతున్నది. గీత మెరిసే దిక్కే ఉన్నది, ట్రాక్ వెంబడి గుండ్రంగ. అడ్డంగ పడితే ఇంత బాధ లేకపోవు. లేబుల్ దిక్కు బాగనే ఉన్నది. మెత్తటి బట్టతో మధ్యల నుంచి అంచుకు తుడిచి, స్పీడ్ 4ఎక్స్‌కు తగ్గించినా అంతే.

వేరే డ్రైవ్‌లో డీడీరెస్క్యూతో (పాడైన డిస్కుల నుంచి డేటా తీసే ప్రోగ్రామ్), బ్లాక్ సైజు 2048 పెట్టి, డేటా ట్రాక్ మొత్తం వచ్చింది. ఆడియో విడిగ వేవ్ ఫైళ్లుగా తీసిన.

అడిగేది రెండే:

క్యూ ఫైల్‌లో మొదటి ట్రాక్‌ను మోడ్1/2048 అని, మిగతావి వేవ్ అని రాస్తే వర్చువల్ డ్రైవ్ (ఫైల్‌నే సీడీలెక్క చూపే ప్రోగ్రామ్) ఒప్పుకుంటదా, లేక మొదటిదాన్ని సెక్టార్‌కు 2352 బైట్ల రూపానికి మార్చాల్నా?

డేటాకు, రెండో ట్రాక్‌కు నడుమ ఉండే 2 సెకండ్ల ఖాళీని, అంటే 150 సెక్టార్లను, ప్రీగ్యాప్ లైన్‌తో చెప్తే సరిపోతదా? డీడీరెస్క్యూ ఫైల్ చివర్ల ఆ ఖాళీ ముందే చేరి ఉంటే పాటలు 2 సెకండ్లు జరుగుతయేమోనని అనుమానం.